దాచుకోమన్నవాడి దేశం

1922 డిసెంబరు 14. వెనెజువెలాలో మరకైబో సరస్సు తూర్పు ఒడ్డున కబీమాస్ అనే పల్లె. షెల్ కంపెనీ తవ్విస్తున్న బర్రోసో-2 బావిలోంచి చమురు ఒక్కసారిగా ఆకాశానికి ఎగజిమ్మింది. ఇళ్ల కప్పుల మీద, చేపల పడవల మీద, జనం నెత్తిన నల్లటి వాన కురిసింది. తొమ్మిది రోజుల పాటు ఆపడం ఎవరి తరమూ కాలేదు. రోజుకు దాదాపు లక్ష పీపాలు నేలపాలయ్యాయి. అప్పటిదాకా కాఫీ, కోకో గింజలు అమ్ముకుని బతికిన దేశం, పదేళ్లు తిరక్కుండానే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు ఎగుమతి చేసే దేశమైంది. కాఫీ తోటలు బీడుపడ్డాయి. పల్లెలు ఖాళీ అయి సరస్సు దారి పట్టాయి. నియంత హువాన్ విసెంతే గోమెస్, ఆయన చుట్టాలు, అనుచరులు చమురు భూముల హక్కులు విదేశీ కంపెనీలకు కట్టబెట్టి తరతరాలకు సరిపడా వెనకేసుకున్నారు.

ఆ బావి పొంగడానికి ముందురోజే కారకాస్‌లో పుట్టిన ఒక కుర్రవాడికి పంతొమ్మిదేళ్లు నిండాయి. పేరు హువాన్ పాబ్లో పెరేస్ అల్ఫోన్సో. ఆ చమురుకు ఎదురు నిలబడటమే ఆయన జీవితమైంది. ఆ పోరాటంలో ఆయన గెలిచాడని లోకం చెప్పుకుంది. ఆయన మాత్రం ఓడిపోయానని నమ్మి కన్నుమూశాడు. చివరికి ఆయన నమ్మిందే నిజమైంది.

ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. మాట తక్కువ, లెక్క ఎక్కువ. రొములో బెతాన్‌కోర్‌తో కలిసి రాజకీయాల్లోకి వచ్చి, 1945లో మంత్రి అయ్యాడు. చమురు కంపెనీల లాభంలో సగం దేశానికి దక్కాలన్నది ఆయన పట్టుదల. నవలాకారుడు రొములో గాయెగోస్ అధ్యక్షుడిగా ఉండగా 1948 నవంబరు 12న ఆ చట్టం వచ్చింది. సరిగ్గా పన్నెండో రోజున సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూలదోసింది. మంత్రిని జైల్లో వేశారు. కొన్ని నెలల తర్వాత దేశం నుంచి పంపేశారు. ఆయన తెచ్చిన సగం వాటా పద్ధతి మాత్రం ఆగలేదు. 1950 చివరికి సౌదీ అరేబియా కూడా అదే వాటా రాబట్టుకుంది.

ప్రవాసంలో ఆయన వాషింగ్టన్ చేరాడు. చేతిలో డబ్బు లేదు, చేయడానికి పదవి లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కూర్చుని చమురు గురించి దొరికిందల్లా చదివాడు. అక్కడ ఆయన కళ్లబడింది టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్. పేరు రైళ్లది, పెత్తనం చమురు బావుల మీద. 1930లో తూర్పు టెక్సాస్‌లో మహా నిక్షేపం బయటపడితే ఎవరికి వారు పోటీపడి తోడారు. పీపా ధర పది సెంట్లకు పడిపోయింది. 1931లో గవర్నరు సైనికులను పంపి బావులు మూయించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ బావి నెలలో ఎన్ని రోజులు తోడాలో, ఎంత తోడాలో ఆ కమిషనే నిర్ణయించేది. ధర నిలబడింది, బావుల ఆయుష్షు పెరిగింది. అమెరికాలో ఒక రాష్ట్రం చేసుకోగలిగిన పని, చమురున్న పేద దేశాలన్నీ కలిసి ఎందుకు చేసుకోకూడదు? చమురు ఎగుమతి దేశాల సంఘం ఒపెక్ అనే ఊహకు పుట్టిల్లు ఆ ప్రశ్నే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయన ఆలోచనలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, చమురుకు న్యాయమైన ధర రాబట్టడం. రెండోది, తక్కువ తోడి మిగిలింది మనవల కోసం నేలలోనే దాచడం. మొదటిది రెండోదాని కోసమే. మంచి ధర వస్తే తక్కువ అమ్మినా ఇల్లు గడుస్తుంది, మిగతాది భద్రంగా ఉంటుంది. ఇదీ ఆయన లెక్క. తర్వాతి అరవై ఏళ్ల కథంతా ఈ రెండు ముక్కలు విడిపోయిన కథ.

1958 జనవరిలో నియంత పెరేస్ హిమేనెస్ పారిపోయాక ఆయన స్వదేశం చేరాడు. మరుసటి ఏడాది బెతాన్‌కోర్ ప్రభుత్వంలో గనుల మంత్రి అయ్యాడు. అప్పటికి ప్రపంచ చమురంతా ఏడు పెద్ద కంపెనీల గుప్పిట్లో ఉంది. కంపెనీలు ఒక ప్రకటిత ధర చెప్పేవి. ఆ ధర మీదే దేశాలకు పన్ను లెక్కగట్టేవారు. కంపెనీ ఆ అంకెను తగ్గిస్తే వేలమైళ్ల దూరంలో ఒక దేశపు బడ్జెట్ తగ్గిపోయేది. 1959 ఆరంభంలో ఆ ధర ఒకసారి తగ్గింది. అదే ఏడాది మార్చిలో అమెరికా దిగుమతులకు పరిమితి పెట్టి, పొరుగునున్న కెనడా, మెక్సికోలకు మినహాయింపు ఇచ్చి, వెనెజువెలాను బయట నిలబెట్టింది. వాషింగ్టన్ తలుపు తెరవకపోవడంతో ఆయన కైరో బాట పట్టాడు.

ఏప్రిల్‌లో కైరోలో మొదటి అరబ్ పెట్రోలియం మహాసభ జరిగింది. వాండా జబ్లోన్‌స్కీ అనే అమెరికన్ పత్రికా విలేఖరి ఆయన్ను తన హోటల్ గదికి పిలిచి ఇంకొక మనిషిని పరిచయం చేసింది. ఆయన సౌదీ అరేబియాకు చెందిన అబ్దుల్లా తారికి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివినవాడు. ఎవరి దారిలో వాళ్లు ఆలోచించి, చమురు దేశాలు కలవాలన్న ఒకే నిర్ణయానికి ఇద్దరూ వచ్చి ఉన్నారు. తర్వాత నైలు ఒడ్డున మాదీలో ఒక పడవల క్లబ్బులో ఇరాన్, ఇరాక్, కువైట్ వాళ్లతో కలిసి రహస్యంగా సమావేశమయ్యారు. సీజన్ కాదు కాబట్టి క్లబ్బు నిర్మానుష్యంగా ఉంది. ప్రభుత్వాల పేరు మీద సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లు తక్కువ కావడంతో, పెద్దమనుషుల ఒప్పందం అనే పేరుతో కాగితం రాసుకున్నారు.

1960 ఆగస్టు 9న న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఏ దేశాన్నీ అడక్కుండా ప్రకటిత ధరను మళ్లీ తగ్గించింది. నెల తిరగ్గానే, సెప్టెంబరు 10న, బాగ్దాద్‌లో అయిదు దేశాల ప్రతినిధులు కూర్చున్నారు: ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనెజువెలా. ప్రపంచ ముడిచమురు ఎగుమతుల్లో నూటికి ఎనభై పాళ్లు పైగా ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లవే. 14న ఒపెక్ పుట్టింది. మొదటి తీర్మానంలోనే ఒక మాట రాసుకున్నారు. చమురు తరిగిపోయే ఆస్తి అనీ, తరిగిన మేరకు దాని స్థానంలో వేరే ఆస్తి నిలబెట్టుకోవాలనీ ఆ మాట సారం. నా దృష్టిలో ఒపెక్ చరిత్రలో దాన్ని మించిన వాక్యం లేదు. దాన్ని మించి మరిచిపోయిన వాక్యమూ లేదు.

ఇద్దరు వ్యవస్థాపకులూ ఎక్కువ కాలం నిలవలేదు. 1962లో తారికిని సౌదీ రాజకుటుంబం చమురు మంత్రి పదవి నుంచి తొలగించింది. ఆయన చాలాకాలం పరాయి దేశాల్లో గడిపి 1997లో కైరోలో కన్నుమూశాడు. ఆయన కుర్చీలోకి అహ్మద్ జకీ యమానీ వచ్చాడు. 1963లో పెరేస్ అల్ఫోన్సో మంత్రి పదవి వదిలేసి కారకాస్‌లో లోస్ చోరోస్ అనే పేటలో తన ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ ఇంటి తోటలో తుప్పుపట్టిన కారు ఒకటి ఉండేది. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న సింగర్ అనే బ్రిటిష్ కారు అది. ప్రవాసం ముగిశాక ఓడలో దేశానికి తెప్పించుకున్నాడు. వచ్చిందన్న కబురు ఎవరూ అందించక రెండు నెలలు రేవులోనే పడి ఉప్పుగాలికి పాడైంది. తెమ్మని పంపిన మెకానిక్ ఇంజన్‌లో ఆయిల్ ఉందో లేదో చూడకుండానే బండి తీశాడు. దారిలో ఇంజన్ పట్టేసింది. చమురు మీద తేలుతున్న దేశంలో చుక్క నూనె లేక బండి చచ్చింది. ఆయన దాన్ని బాగుచేయించలేదు, పాత ఇనుముకూ అమ్మలేదు. తోటలో పింగ్‌పాంగ్ బల్ల పక్కన నిలబెట్టించి తీగలు పాకనిచ్చాడు. ఇంటికొచ్చిన వాళ్లకు దాన్నే చూపించేవాడు. శ్రమ లేకుండా వచ్చే డబ్బు మనిషిలో పెంచే నిర్లక్ష్యం ఎలా ఉంటుందో ఆయన అందులో చూశాడు.

తర్వాత వచ్చిన 1973ను లోకం ఒపెక్ విజయమంటుంది. అక్టోబరులో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం నడుస్తుండగా గల్ఫ్ దేశాలు ధరను ఒక్కసారిగా 70 శాతం పెంచి 5.11 డాలర్లు చేశాయి. డిసెంబరులో టెహ్రాన్‌లో కూర్చుని 11.65 డాలర్లు చేశాయి. కంపెనీల చేతిలోని కలం మొదటిసారి దేశాల చేతికి వచ్చింది. మన పల్లెలకూ ఆ అంకెల తాకిడి తగిలింది. ఇక్కడ డీజిలు, కిరోసిన్ ధరలు పెరిగి బతుకు బరువైంది. అక్కడ గల్ఫ్‌లో లేచిన రోడ్ల పనులకూ, భవనాల పనులకూ కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ మనుషులు వీసాల కోసం అప్పులు చేసి విమానాలెక్కారు.

వెనెజువెలా ఖజానాకు ఒక్క ఏడాదిలో రాబడి రెండింతలు దాటింది. 1974లో అధ్యక్షుడైన కార్లోస్ ఆంద్రేస్ పెరేస్ మహా వెనెజువెలాను కడతానన్నాడు. ఉక్కు, అల్యూమినియం కర్మాగారాలు, ఆనకట్టలు, విదేశీ చదువులకు వేలకొద్దీ స్కాలర్‌షిప్పులు. వాటిలో మేలు లేదనను. కానీ నిరుద్యోగం పోవడానికని ప్రతి లిఫ్టుకూ ఒక మనిషినీ, బహిరంగ మరుగుదొడ్లకు ఒక్కొక్కరినీ పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. పారిస్ నుంచి కారకాస్‌కు కాంకార్డ్ విమానం దిగింది. మయామీ దుకాణాల్లో వెనెజువెలా వాళ్లు చవకే కదా, రెండివ్వు అంటారని పేరు పడింది. 1976 జనవరి 1న చమురు పరిశ్రమ జాతీయమైంది. పెదెవెసా అనే ప్రభుత్వ సంస్థ చేతికి బావులన్నీ వచ్చాయి. దేశం పండగ చేసుకుంటుంటే, ఒపెక్ కన్నతండ్రి మాత్రం చమురును సైతాను మలమనీ, దేశం అందులో మునిగిపోతోందనీ పుస్తకం అచ్చువేశాడు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఇది మనల్ని నాశనం చేస్తుందని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఇంత డబ్బు ఒక్కసారి మింగితే అరగదు, తోడేది తగ్గించండి అని మొత్తుకున్నాడు. పెద్దాయన చాదస్తమని నవ్వినవాళ్లే ఎక్కువ. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మనకు తెలుసు. అక్కడ తినడానికి కొండ చాలక, దాని మీద అప్పు కూడా తెచ్చారు. 1979లో కొత్త అధ్యక్షుడు లూయిస్ హెర్రేరా కాంపిన్స్ ప్రమాణం చేసిన రోజునే తనకు తాకట్టులో ఉన్న దేశాన్ని అప్పగించారని అన్నాడు.

ఆ ఏడాది సెప్టెంబరు 3న పెరేస్ అల్ఫోన్సో వాషింగ్టన్ ఆసుపత్రిలో క్యాన్సర్‌తో చనిపోయాడు. ఒకప్పుడు ప్రవాసిగా చదువుకున్న ఊరు అదే. చమురు మీద ఆసక్తి చచ్చిందనీ, తాను పూలమొక్కల కోసం బతుకుతున్నాననీ, ప్రకృతిని కాపాడే సంఘంగా ఒపెక్ అంతరించిందనీ చివరి రోజుల్లో అన్నాడు. ఇరాన్ విప్లవంతో ధర 34 డాలర్ల వైపు పరుగెడుతున్న కాలమది. సంస్థ శిఖరం మీద ఉంది. దాన్ని కన్నవాడు అది పోయిందన్నాడు.

మిగిలిన పతనం వేగంగా జరిగింది. 1980 నవంబరులో ఒపెక్ ఇరవయ్యేళ్ల పండగ పుట్టినచోటే, బాగ్దాద్‌లో, జరుపుకోవాలనుకున్నారు. సెప్టెంబరులోనే ఇరాక్ సైన్యం ఇరాన్ మీద పడింది. ఇరాన్ చమురు మంత్రి మహమ్మద్ జవాద్ తొండ్‌గూయాన్ అబాదాన్ దగ్గర ఇరాక్ చేతికి చిక్కాడు. డిసెంబరులో బాలిలో ఒపెక్ సమావేశమైనప్పుడు ఇరాన్ ప్రతినిధులు మంత్రి కుర్చీలో ఆయన ఫొటో పెట్టారు. ఆయన్ను పట్టుకున్న దేశపు ప్రతినిధులతో కలిసి, ఆ ఫొటో ఎదుటే, పీపా ధర గురించి మాట్లాడుకున్నారు. ఆ మనిషి ప్రాణాలతో ఇంటికి రాలేదు. 1991లో మృతదేహం వచ్చింది.

అధిక ధరకు ఉత్తర సముద్రంలో, అలాస్కాలో, మెక్సికోలో కొత్త చమురు పైకి వచ్చింది. వాడేవాళ్లు పొదుపు నేర్చారు. 1982లో ఒపెక్ మొదటిసారి ఎవరెంత తోడాలో కోటాలు పెట్టుకుంది. పెరేస్ అల్ఫోన్సో టెక్సాస్‌లో చూసిన పద్ధతి ఇరవై రెండేళ్లు ఆలస్యంగా, అదీ ధర కూలుతున్న భయంతో వచ్చింది. టెక్సాస్‌లో తప్పుచేసినవాడిని పట్టుకునే అధికారం ఉండేది. ఇక్కడ అందరూ ప్రభువులే. చాలామంది చాటుగా ఎక్కువ అమ్ముకున్నారు. భారమంతా మోసిన సౌదీ అరేబియా ఉత్పత్తి కోటి పీపాల దగ్గర్నుంచి 1985 నాటికి ఇరవై రెండు లక్షలకు పడిపోయింది. చివరికి అదీ చేతులెత్తేసి గేట్లెత్తింది. 1986లో ధర పది డాలర్లకు జారింది. 1990లో ఇరాక్, కోటా మీరి తోడి ధర చెడగొడుతున్నారని ఆరోపిస్తూ కువైట్‌ను ఆక్రమించింది. బాగ్దాద్ బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్న దేశాలవి. కువైట్ నుంచి అమ్మాన్ ఎడారి దారిన బయటపడి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరిన లక్షా 70 వేల మంది భారతీయుల్లో మన కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో.

వెనెజువెలాలో 1983 ఫిబ్రవరి 18న బొలివార్ విలువ కూలింది. ఏళ్ల తరబడి డాలరుకు 4.30 దగ్గర కదలకుండా ఉన్న నాణెం అది. 1989 ఫిబ్రవరి 27న బస్సు ఛార్జీలు పెరిగాయని మొదలైన అల్లర్లలో సైన్యం కాల్పులకు వందలమంది పోయారు. అధ్యక్షుడు మళ్లీ ఆ మహా వెనెజువెలా కార్లోస్ ఆంద్రేస్ పెరేసే. తొంభైల్లో పెదెవెసా పెద్దలు ఒపెక్ కోటాను పక్కనపెట్టి వీలైనంత తోడటమే దారన్నారు. కోటాల ఆలోచన పుట్టించిన దేశమే కోటా మీరేవాళ్లలో ముందు నిలిచింది. నాకు ఈ గాథలో అన్నిటికంటే గుచ్చుకునే చోటు ఇదే. బయటి శత్రువు చేసిన పని కాదిది. 1998లో ధర మళ్లీ పది డాలర్ల దగ్గరకు పడింది. అదే ఏడాది డిసెంబరులో అధ్యక్ష ఎన్నికల్లో హ్యూగో చావెస్ గెలిచాడు.

చావెస్ ఒపెక్‌ను మళ్లీ దగ్గరకు తీశాడు. 2000 సెప్టెంబరులో సభ్యదేశాల అధినేతలను కారకాస్‌కు పిలిచాడు. కోటాలు పాటించాడు, ధర లేచింది. పేదల వాడలకు వైద్యులు, బడులు వెళ్లాయి. ఆ మేలును కాదనడం అన్యాయం. కానీ 2002 డిసెంబరులో మొదలైన సమ్మె తర్వాత పెదెవెసా నుంచి దాదాపు 18 వేల మందిని తీసేశారు. బావి నాడి తెలిసిన ఇంజనీర్లు, భూగర్భ నిపుణులు వాళ్లలో ఉన్నారు. 2008లో పీపా 147 డాలర్లకు చేరినా, తరిగిన చమురు స్థానంలో నిలబడిన ఆస్తి లేదు. పైగా బావుల మరమ్మతుకు పోవలసిన డబ్బూ ఖర్చైంది. 2012 ఆగస్టులో అముయాయ్ రిఫైనరీలో గ్యాసు పేలి నలభై మందికి పైగా మరణించారు. 2014లో ధర కూలాక దాచింది ఏమీ లేదని తేలింది. 2018లో ధరలు లక్షా 30 వేల శాతం పెరిగాయని దేశపు కేంద్ర బ్యాంకే ఒప్పుకుంది. 2019 జనవరిలో అమెరికా పెదెవెసా మీద ఆంక్షలు పెట్టి, పడిపోతున్నవాణ్ణి ఇంకా కిందికి తోసింది. 1998లో రోజుకు ముప్పై లక్షల పీపాలు దాటిన ఉత్పత్తి 2020 నడుమ నాలుగు లక్షలకు దిగింది. డెబ్బై లక్షల మందికి పైగా దేశం వదిలారు. పిల్లల్ని భుజాన వేసుకుని సిమోన్ బొలివార్ వంతెన మీదుగా కొలంబియాలోని కూకూతాకు నడిచినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

2020 మేలో ఇరాన్ నుంచి అయిదు ట్యాంకర్లు అట్లాంటిక్ దాటి వెనెజువెలా రేవులకు వచ్చాయి. వాటిలో ఉన్నది పెట్రోలు. నీళ్లకంటే చవకగా పెట్రోలు పోసుకున్న జనం అప్పటికి బంకుల దగ్గర రాత్రుళ్లు కార్లలోనే పడుకుంటున్నారు. ఒపెక్‌ను స్థాపించిన ఒక దేశం, ఒపెక్‌ను స్థాపించిన మరొక దేశానికి పెట్రోలు పంపింది. రెండూ ఆంక్షల కింద ఉన్నవే.

ఆ తర్వాత ఉత్పత్తి కొంత కోలుకుంది. ఒరినోకో నది ఉత్తరపు మైదానాల కింద బరువైన, తారులాంటి చమురు ఇంకా ఉంది. ఒపెక్ లెక్క ప్రకారం ఆ దేశపు నిల్వలు 30 వేల కోట్ల పీపాలకు పైమాట. ప్రపంచంలో ఏ దేశానికీ అంత లేదు. దాన్ని పైకి తీయడం తెలిసిన మనుషుల్లో చాలామంది ఇప్పుడు కొలంబియాలో, హ్యూస్టన్‌లో, కెనడాలోని అల్బెర్టాలో పరాయి బావుల దగ్గర పనిచేస్తున్నారు.